తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

మా ఆఫీసులో పెన్‌డ్రైవులు నిషేధం. లినక్స్ మెషీన్లన్నిట్లోనూ మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్‌లో "బ్లాక్‌లిస్ట్ యూఎస్‌బీ-స్టోరేజ్" అని ఒక లైను పడేసి, ఆడిట్ చెక్‌లిస్టులో టిక్కు పెట్టేశారు. మొన్న ఊరికే ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి చూశా. నిక్షేపంగా పనిచేసింది! కస్టమర్ డేటా ఉండే మెషీను అది. అడిగితే మా లీడ్ గారు, "లైను ఉంది కదా, ఇంకేం కావాలి?" అన్నారు.

లైను ఉంటే చాలా? ఏ సైటు చూసినా ఇదే మంత్రం... బ్లాక్‌లిస్ట్ చేసెయ్, రీబూట్ చేసెయ్, అయిపోయింది. ఏమీ అవ్వదు బాబూ!

అసలు బ్లాక్‌లిస్ట్ అంటే "దీన్ని లోడ్ చెయ్యొద్దు" అని కాదు. ఆ మాడ్యూల్ తనలో రాసుకున్న ఎలియాస్‌లను పట్టించుకోవద్దు అని, అంతే. ఒకే డివైసుకి రెండు డ్రైవర్లు పోటీపడితే ఒకదాన్ని పక్కన పెట్టడానికి పుట్టింది గానీ, సెక్యూరిటీ కోసం కాదు. పేరు పెట్టి పిలిస్తే ఆ మాడ్యూల్ వస్తుంది. వేరే మాడ్యూల్‌కి అవసరమైతే దాని వెనకాలే వస్తుంది. మాన్యువల్ పేజీలో ఎలియాస్‌ల సంగతి స్పష్టంగానే ఉంది, చదివేదెవరు?

మా దగ్గర జరిగింది ఈ రెండోదే. యూఏఎస్ అనే ఇంకో మాడ్యూల్ కూడా మాస్ స్టోరేజ్ డివైసులకి పలుకుతుంది. దాన్ని ఎవరూ ఆపలేదు. అది యూఎస్‌బీ-స్టోరేజ్ మీద ఆధారపడుతుంది కాబట్టి, మోడ్‌ప్రోబ్ ఎంచక్కా రెండిట్నీ లోడ్ చేసింది. వీధి తలుపు వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టు.

నిజంగా ఆపాలంటే "ఇన్‌స్టాల్ యూఎస్‌బీ-స్టోరేజ్ /బిన్/ఫాల్స్" అని రాయాలి. అప్పుడు ఎవరి కోసం పిలిచినా మోడ్‌ప్రోబ్‌కి ఫెయిలే గతి. అక్కడితో అయిపోలేదు. బూట్ మొదట్లో నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఈ ఫైళ్ళ పాత కాపీ కూర్చుని ఉంటుంది. ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఫెడోరాలో డ్రాకట్ నడిపి దాన్ని మళ్ళీ తయారుచెయ్యాలి. ఎన్‌విడియా డ్రైవర్ కోసం నూవోని బ్లాక్‌లిస్ట్ చేసి, రీబూట్ అయ్యాక అది మళ్ళీ ప్రత్యక్షమైతే తల పట్టుకున్నవాళ్ళకి ఈ నొప్పి తెలుసు :)

"రూట్ ఉన్నవాణ్ణి ఎవరాపుతారులే" అనేవాళ్ళకి ఒక మాట. నిజమే, ఇన్స్‌మోడ్ ఈ ఫైళ్ళ మొహం కూడా చూడదు. దానికి కెర్నల్ కమాండ్ లైనులో మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్ ఇస్తే కెర్నలే ఒప్పుకోదు. రూట్ చేతిలో ఉన్నవాడు దాన్నీ మార్చి రీబూట్ చెయ్యగలడు, సరే. కానీ మా ఆఫీసులో రూట్ అక్కర్లేదు కదా, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు!

ఇంతకీ ఆ లైను ఎక్కడినుంచో కాపీ కొట్టి పెట్టింది ఎవరో కాదు, రెండేళ్ళ క్రితం నేనే. అప్పుడు ఒక్కసారి గుచ్చి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. అందుకే చెప్తున్నా... రీబూట్ చెయ్యండి, పెన్‌డ్రైవ్ గుచ్చండి, ఎల్ఎస్‌మోడ్ చూడండి. ఆ తర్వాతే టిక్కు పెట్టండి.