జవాబు చెప్పనివ్వని విమర్శ

ఆ మధ్య నన్నొక శిక్షణ తరగతికి పంపించారు. శాఖాధిపతులకూ, కాబోయే శాఖాధిపతులకూ పాలనలో మెలకువలు నేర్పే తరగతి అది. అందులో ఒక పూటంతా ఒకే విషయం: తప్పు చెబితే సహించని వుద్యోగిని దారికి తెచ్చుకోవటం యెలా? వుపన్యాసకుడు అటువంటి వుద్యోగులను జాతులుగా విభజించి చూపించాడు. కస్సుమనేవాడు, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, మూగనోము పట్టేవాడు, నెపం యితరుల మీదికి నెట్టేవాడు. అందరికీ మందు ఒకటే: ముందు మెచ్చుకో, మధ్యలో తప్పు చెప్పు, చివర మళ్లీ మెచ్చుకో. చేదుమాత్రకు బెల్లం పూయటమన్నమాట.

పూటంతా విన్నాను. తప్పు చెప్పే అధికారిదే తప్పయితే యేమి చెయ్యాలో ఒక్క ముక్క వినబడలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న పాత న్యాయాన్నే కొత్త శాస్త్రంగా చెబుతున్నారు.

మర్యాదగా మాట్లాడమంటే యెవరు కాదంటారు? నా అభ్యంతరం అది కాదు. మనిషి యెందుకు కోపగించుకున్నాడో అడగకుండా, ఆ కోపాన్నే రోగమంటున్నారు. దీనిమీద నా అభ్యంతరం.

మన ప్రభుత్వ కచేరీలనే చూడండి. పై అధికారి యేటేటా కింది వుద్యోగి గుణదోషాలు రహస్యంగా వ్రాసి పైకి పంపే పద్ధతి చాలాకాలం నడిచింది. వ్యాఖ్య ప్రతికూలమైతే తప్ప అది వుద్యోగికి తెలియజేసేవారు కారు. సరిహద్దు రోడ్ల యింజనీరింగు సర్వీసులో ఒక యింజనీరుకు 1993-94లో ‘మంచిది’ అని వ్రాశారు. పదోన్నతికి అయిదేళ్లపాటు ‘చాలా మంచిది’ అని వుండాలి. ‘మంచిది’ అన్నది చెడ్డమాట కాదు గనక ఆయనకు చెప్పలేదు. ఆ మంచిమాటే ఆయన పదోన్నతికి అడ్డుపడింది! దేవ్‌దత్ కేసుగా పేరుపడిన యీ వ్యాజ్యంలో, 2008లో సుప్రీంకోర్టు ప్రతి వ్యాఖ్యనూ వుద్యోగికి తెలియజేయాలనీ, దానిమీద చెప్పుకునే అవకాశం యివ్వాలనీ తీర్పిచ్చింది. మరుసటి యేడు కేంద్ర ప్రభుత్వం నివేదిక మొత్తం చూపాలని వుత్తర్వు చేసింది; జవాబుకు 15 రోజుల గడువు. స్వరాజ్యం వచ్చిన అరవై యేళ్లకు దక్కిన హక్కు యిది. ఆ యింజనీరుకు కావలసింది బెల్లమా? కాదు. తనను గురించి వ్రాసినదాన్ని చదివే హక్కు, బదులు వ్రాసే హక్కు.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. 1911 ఆగస్టులో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, టేలర్ పద్ధతి ప్రకారం, పోత అచ్చులు చేసే కార్మికుల పనిని స్టాప్‌వాచీతో కొలవసాగారు. ఒకడు కొలవనివ్వనన్నాడు, పని పోయింది. తోటివారు పని మాని బయటికి నడిచారు, యీ పద్ధతి తమకు అవమానకరమని అర్జీ పెట్టారు. 1915లో అమెరికన్ కాంగ్రెసు సైనిక కర్మాగారాలలో ఆ కొలతలకు ప్రభుత్వ ధనం వాడరాదని శాసించింది. మన శిక్షకుడి పట్టికలో ఆ కార్మికులను యే గడిలో వేస్తారు?

ఇక మనవాళ్లతో ఒక మాట. ప్రతి దిద్దుబాటూ దోపిడీ కాదు. ఇరవై యేళ్లనాటి నోట్సు చదివి వినిపించే లెక్చరరును అదేమని అడిగితే, సంఘం జెండా అడ్డం పెట్టుకోవటం పోరాటం కాదు. అక్కడ నష్టపోయేది యాజమాన్యం కాదు, ఫీజు కట్టటానికి అప్పుచేసిన వాళ్ల పిల్లలు.

నా సంగతే చెబుతాను. ఒక విద్యార్థిని, నేను పాఠం చదువుతున్నానే గాని చెప్పటం లేదన్నది. నాకు వొళ్లు మండింది. ఆమె చేతిలో నా వుద్యోగం లేదు. నా చేతిలోనే ఆమె మార్కులున్నవి. భయపడవలసింది ఆమె, వుడుక్కున్నది నేను. ఆ కోపానికి యే సిద్ధాంతమూ అండ రాదు. అది వట్టి అహంకారం. ఆ యేడే ఒక కాంట్రాక్టు లెక్చరరుతో పై అధికారి అదే మాటన్నాడు. యే పాఠమో చెప్పలేదు, తరగతికి వచ్చి చూడలేదు. అతనూ మండిపడ్డాడు. ఆ ఒక్క మాటతో అతని వచ్చే యేటి జీతం ఆగిపోవచ్చు. మా యిద్దరినీ ‘కస్సుమనేవాడు’ అనే ఒకే గడిలో వేసేది శాస్త్రమెట్లా అవుతుంది?

గీటురాళ్లు మూడే. తప్పేమిటో విడమరచి చెప్పారా? జవాబు చెప్పుకోనిచ్చారా? చెప్పినవాడు తానూ మాట పడటానికి సిద్ధమా? ఈ మూడూ వున్నచోట వుడుక్కునేవాణ్ణి మందలించవలసినవాళ్లం మనమే. ఆ పని యాజమాన్యానికి వదిలిపెట్టటం మన పిరికితనం. ఈ మూడూ లేనిచోట వినిపించేది విమర్శ కాదు, ముందే వ్రాసి పెట్టుకున్న తీర్పు. దానిమీద కోపగించుకున్నవాడికి శిక్షణ అక్కరలేదు. అతని పక్కన నిలబడే మనిషి కావాలి.