కొలవనివ్వని యంత్రానికి అడ్వాన్సు కట్టొద్దు

గత నెల టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో ఒకాయన తిరిగాడు. డీజిలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, తన యంత్రాన్ని ఒకసారి తిప్పి వదిలితే 5 హెచ్‌పీ మోటారు ఆగకుండా నడుస్తుందన్నాడు. ఫోనులో వీడియో చూపించాడు. ముందు అడ్వాన్సు కట్టినవారికి సగం ధరకే ఇస్తానన్నాడు. "మా బోరు దగ్గర ఒక రోజు నడపండి బాబూ, ఇంజనీరింగు కాలేజీ మేస్టార్ని పిలిచి కొలిపిస్తాం" అన్నాను. "నా రహస్యం దొంగిలిస్తారు" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆశపడిన రైతులను నేను తప్పుపట్టను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. గుక్కెడు నీళ్లు తోడుకోవడానికి జనరేటర్లు అద్దెకు తెచ్చుకున్నాం. ఆ కష్టం పడ్డవాళ్లకు ఇలాంటి మాట నమ్మాలనిపిస్తుంది. మన అవసరమే వాళ్ల పెట్టుబడి.

ఇది కొత్త కథేమీ కాదు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో నీళ్లను పెట్రోలుగా మారుస్తానన్నాడు. దేశమంతా ఆయన పేరు మారుమోగింది. ఆ మూలిక ఏమిటో మాత్రం చెప్పలేదు. మద్రాసు ఐఐటీలో గట్టి నిఘా మధ్య చేయమంటే పెట్రోలు రాలేదు. అయినా తర్వాత మూలికా ఇంధనం పేరుతో చెన్నైలో అమ్మకాలు సాగించాడు. అందులో ఉన్నది టొలీన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకేనని సీబీఐ తేల్చింది. 2016లో కోర్టు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పటికి 20 ఏళ్లు గడిచిపోయాయి.

మనం పలాసకు జీడిపిక్కలు తోలుకెళితే వ్యాపారి నాలుగు పిక్కలు కోసి చూడకుండా ధర చెప్పడు. మన సరుకుకు అంత పరీక్ష ఉన్నప్పుడు, మన డబ్బుకు ఉండొద్దా?

రహస్యం పోతుందన్నది సాకు మాత్రమే. పెట్టె విప్పనక్కర్లేదు. లోపలికి ఎంత శక్తి వెళ్తోంది, బయటికి ఎంత వస్తోంది అన్నది కొలిస్తే చాలు. 5 హెచ్‌పీ మోటారు గంట నడవాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. అది ఎక్కడినుంచో రావాలి. సోలారు పంపుకు ఎండ నుంచి వస్తుంది, ఇంజనుకు డీజిలు నుంచి వస్తుంది. విత్తనం వేయకుండా పంట రానట్టే, ఏమీ ఇవ్వకుండా శక్తి రాదు. లోపల బ్యాటరీ దాచినా కొన్ని గంటలు నడుస్తుంది. కాబట్టి గంటసేపు చూసి నమ్మొద్దు.

ఇకముందు ఎవరొచ్చినా మూడు షరతులు పెట్టండి. మన పొలంలో, మన మోటారుతో మూడు రోజులు రాత్రింబవళ్లు నడపాలి. కొలిచే మీటరు, కొలిచే మనిషి మనవైపు నుంచే ఉండాలి. అది తేలేవరకు పైసా ఇచ్చేది లేదు. ఒప్పుకోకపోతే మండల కమిటీకి కబురు పెట్టండి.

నిజంగా పనిచేసే యంత్రమైతే మన సంఘమే ఊరూరా చాటుతుంది. నిజం చేతిలో ఉన్నవాడికి తక్కెడ అంటే భయం ఎందుకు?