ఆట కూడు పెట్టునా?

“కోటి విద్యలు కూటికొరకే” యన్న సామెత ఎరుగని తెలుగువాడుండడు. వేటపాలెము వంటి చేనేత ఊళ్లలో దాని యర్థము మరింత బాగుగా తెలియును. మగ్గమునకును పొయ్యి మీది కుండకును గల సంబంధమును అచ్చటివారికి ఎవరును బోధింపనక్కరలేదు. కనుక బడిలో వాలీబాలు చక్కగా ఆడు కూతురిని చూచి ఒక తండ్రి “ఈ ఆట రేపు కూడు పెట్టునా?” యని అడిగినచో, అది మోటు ప్రశ్న యని కొట్టివేయరాదు. ఉపాధ్యాయులు దానికి సమాధానము చెప్పగలిగి యుండవలెను.

1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అను వ్యాయామ శిక్షకుడు కల్పించిన ఈ క్రీడ మన పల్లెలకు ఇంతగా అలవడుటకు కారణము స్పష్టమే. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి, గజాల కొలదిగా కొంత చదును నేల ఉన్న చాలును. అయినను సాయంకాలము ఊరి మైదానములో బంతి కొట్టువారు చాలవరకు మగవారే. ఆడపిల్ల ఆట బడిగంటతో మొదలై బడిగంటతోనే ముగియును. పదవ తరగతి దాటినంతనే పై చదువో, ఇంటిపనియో, పెండ్లియో ఆమెను పిలుచును. ఎక్కువమంది ఆట చేతకాక మానరు. తరువాతి మెట్టు కానరాక మానుదురు.

ఆ మెట్టు ఉన్నచోట ఏమి జరుగునో 1964లో టోక్యో ఒలింపిక్సు చూపినది. వాలీబాలుకు ఒలింపిక్సులో చోటు దొరికినది అప్పుడే. ఆనాడు స్వర్ణపతకము గెలిచిన జపాను స్త్రీల జట్టులో ఎక్కువమంది కైజుకా పట్టణములోని నిచిబో నూలుమిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లులో పని; పొద్దు వాలిన పిదప రాత్రి చాల ప్రొద్దుపోవువరకు సాధన. నాయకురాలు మసాయె కసాయి 1962లో ప్రపంచ విజేతగా నిలిచిన తరువాత ఆట విరమించి పెండ్లి చేసికొన దలచినను, దేశము కోరికపై మరి రెండేండ్లు ఆగినది. వారి శిక్షకుని కాఠిన్యమును ఎవరును మెచ్చుకొననక్కరలేదు. కాని ఆ యువతులకు ఆటతోపాటు జీతము కూడ ఉండినదన్నమాట మరువరాదు. నూలును నమ్ముకొని బ్రతుకు ఊరివారికి ఈ కథ పరాయిది కాదు.

మన దేశములో ఆ మిల్లు చేసిన పనిని కొంతవరకు రైల్వేలు చేసినవి. 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టు సభ్యుడు పి.వి. రమణకు 2000లో అర్జున పురస్కారము లభించినది. ఆయన భార్య విజయ కూడ జాతీయస్థాయి వాలీబాలు క్రీడాకారిణియే. ఇద్దరును రైల్వే ఉద్యోగులే. 2016లో రియో ఒలింపిక్సున రజతము, 2019లో బాడ్మింటన్ ప్రపంచ విజేత బిరుదము సాధించిన సింధు వారి కుమార్తె. సింధు పేరెత్తినప్పుడెల్ల తండ్రి పతకమును, పురస్కారమును చెప్పుకొందుము. తల్లి ఆటను ఒక్క వాక్యముతో సరిపెట్టుదుము. ఆడపిల్ల ఆడిన ఆటకు మన మిచ్చు విలువ ఆ ఒక్క వాక్యములోనే తెలియుచున్నది.

కొరియా దేశపు కిమ్ యాన్‌-కూంగ్ 2005లో ఒక బీమా కంపెనీ జట్టున చేరి, జపాను, తుర్కీ, చైనా దేశములలో ఆడి, 2025లో విరమించినది. 2012 లండన్ ఒలింపిక్సులో కొరియా నాలుగవ స్థానముతో సరిపెట్టుకొన్నను, ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది ఆమెయే. ఆరడుగులు మించిన ఆమె బడిలో చదువునాడు పొట్టిపిల్ల. పొడవు పెరిగినది తరువాతనే. పదమూడేండ్ల బాలికను కొలబద్దతో తేల్చివేయు పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

మన దేశములో 2019లో ప్రో వాలీబాల్ లీగును, 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగును పురుషుల జట్లతోనే ఆరంభించిరి. ఆటనే వృత్తిగా చేసికొను దారి స్త్రీలకు ఇంకను ఇరుకే. క్రీడాకారులకు కేటాయించు ఉద్యోగములును కొద్ది. కనుక చదువు మాని బంతి పట్టుమని ఏ బాలికకును చెప్పరాదు. రెండును సాగవలెను. తండ్రికి ఉన్నదున్నట్లు చెప్పవలెను: ఈ ఆట ఉద్యోగమునకు తోడ్పడవచ్చును, తోడ్పడకపోవచ్చును, కాని పదిహేనవ యేట మానిపించినచో తోడ్పడు అవకాశమే ఉండదు. బడి విడిచిన బాలికలకు కూడ సాయంకాలము ఒక గంట ఆటస్థలము తెరచియుంచుట, చీకటి పడకముందే ఇల్లు చేరు ఏర్పాటు చేయుట, ఆమె ఆడిన పోటీల పత్రములను భద్రపరచుట — ఇవి ఏ ఉపాధ్యాయునకైనను సాధ్యమే.

1918లో వేటపాలెములో సారస్వత నికేతనము వెలసినది. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పుస్తకము కూడు పెట్టునా యని ఆనాటివారు లెక్క చూచుకొని యుండినచో ఆ గ్రంథాలయము ఉండెడిది కాదు. చదువరులకు అంత భవనము కట్టుకొన్న ఊరికి తన ఆడపిల్లల కొరకు ఒక వల కట్టి, దానిని చినుగకుండ కాపాడుకొనుట ఏమంత భారము?