చెరిపే చెయ్యి ఎవరిది?

తమ్ముళ్లూ, 2024 జూలై 3 రాత్రి గుర్తుందా? పెదపులిపాక దగ్గర, అవనిగడ్డ పోయే కృష్ణా కరకట్ట మీద కాలుష్య నియంత్రణ మండలి ఫైళ్లు తగలబెడుతుంటే జనం పట్టుకున్నారు. హార్డ్‌డిస్కులు కూడా ఉన్నాయని వార్తలొచ్చాయి.

నిప్పుకి పొగ వచ్చిద్ది, దారినపోయేవాడికి కనపడిద్ది. డిస్కుకి 'మొత్తం తుడుచుకో' అని ఆదేశం వెళ్తే పొగ రాదు. అందుకే 2004లో లైనక్స్ వాళ్లు 2.6.8 కెర్నెల్‌లో కట్టుబాటు పెట్టారు: మామూలు ప్రోగ్రాం పంపేవాటిలో ప్రమాదం లేని ఆదేశాలే డిస్కు దాకా పోవాలి. మిగతావి పెద్ద అధికారం ఉన్నవాటికే. సీడీలు రాసే ప్రోగ్రాములు కొన్ని ఆగిపోయి గోలైంది. అయినా కట్టుబాటు ఎత్తెయ్యలేదు, సరిచేసుకున్నారు.

కానీ ఆ పెద్ద అధికారం ఎవరి చేతిలో పెట్టాలో కెర్నెల్ తేల్చదు. మన అడంగలూ, 1బీ ఇప్పుడు డిస్కుల్లోనే ఉన్నాయి. బందరైనా, గుడివాడైనా, దివిసీమైనా మనమే అడగాలి: చెరిపే అధికారం ఎవరికుంది? చెరిపినోడి పేరు ఎక్కడ నమోదవుద్ది? రెండో కాపీ ఎక్కడుంది?

ఈ మూడూ కాయితం మీద రాసి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మీ పొలం రికార్డు కూడా అడగండి. అడిగిన సమాచారాన్ని నాశనం చేస్తే 2005 చట్టం 20వ సెక్షన్ కింద ఆ అధికారికి 25,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పొగ కనపడేదాకా ఆగమాకండి.