చికిత్స యెవరిది, చేయూత యెవరిది?

పక్షవాతము వచ్చినవారిని, తుంటి యెముక విరిగినవారిని ఆసుపత్రి నుండి యింటికి తెచ్చుకొనుటతో పని ముగిసినదని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. అసలు పని అప్పుడే మొదలగును. కదలక పడియున్న కొలది కండబలము తగ్గును, కీళ్లు బిగిసికొనును, వీపున పుండ్లు పడును. కావున ఫిజియోథెరపీ ఆలస్యము లేక సాగవలెను. ఇంటికి వచ్చి వ్యాయామము చేయించువారు దొరకుదురా యని హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మనవారు మమ్ము తరచుగా అడుగుచున్నారు.

దొరకుదురు. అయితే వచ్చినవారెవరో తెలిసికొనుట ముఖ్యము. ఫిజియోథెరపిస్టు వేరు, సహాయకుడు వేరు. 2021వ సంవత్సరపు కేంద్ర చట్టము ఫిజియోథెరపిస్టును ఆరోగ్య వృత్తినిపుణులలో చేర్చి, అట్టివారికి 3,600 గంటలకు తగ్గని డిగ్రీ చదువును విధించినది. రోగిని పరీక్షించి, ఏ వ్యాయామము, ఎన్ని మారులు అని నిర్ణయించువాడు ఆ నిపుణుడు. ఆ నిర్ణయము ప్రకారము దినదినము చేయించువాడు, మంచము నుండి కుర్చీకి మారుట నేర్పువాడు, వాకరు పట్టించి నడిపించువాడు, కనిపించిన మార్పును నిపుణునికి తెలుపువాడు సహాయకుడు. విధానమును తనంతట మార్చుట అతని పని గాదు.

ఇట్లనుట సహాయకుని తక్కువ చేయుట గాదు. రోగికి ధైర్యము చెప్పి నాలుగడుగులు వేయించు పుణ్యము అతనిదే. కాని హద్దు మీరినచో ముప్పు కలదు. చచ్చుబడిన చేతిని పట్టి లాగినచో భుజపు కీలు జారవచ్చును. పిక్క వాచి నొప్పి పుట్టినచో నూనె రాచి పిసుకరాదు; లోన రక్తము గడ్డకట్టి యుండవచ్చును. ఆయాసము, గుండెనొప్పి, కండ్లు తిరుగుట కలిగిన తక్షణమే వ్యాయామము నిలిపి వైద్యుని చూపవలెను.

బియ్యము కొనునపుడు గింజ నలిపి చూచెడి మనము, తండ్రి కాలును అప్పగించునపుడు నాలుగు మాటలు అడుగరాదా? ఎచట చదివితిరి, ఏ నిపుణుని క్రింద పనిచేయుచున్నారు, ఆయన మరల ఎప్పుడు వచ్చి చూచును అని అడుగుడు. ఆసుపత్రి విడుచు దినముననే వ్యాయామ విధానమును వ్రాయించుకొనుడు. ఇంటివద్దకే ఫిజియోథెరపీ నందించు తమిళనాడు ప్రభుత్వ పథకము 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభింపబడినది. డబ్బు లేదని ఊరకుండక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున విచారింపుడు.

మరియొక మాట. మన యింటి వృద్ధులు బాధను తెలుగుననే చెప్పుకొందురు. తిమ్మిరి వేరు, పోటు వేరు, మంట వేరు. ఆ భేదము తమిళము మాత్రమే యెరిగిన సహాయకునికి అందకపోవచ్చును. చికిత్స వేళ రెండు భాషలు వచ్చినవారొకరు చెంత నుండవలెను. అంతకంటె మేలైన మార్గము, మన యువతీయువకులే యీ విద్య నభ్యసించుట. అంగడి పెట్టిన కుమారుని వలెనే, రోగిని లేపి నిలువబెట్టు కుమార్తెయు కులమునకు, ఊరికి వన్నె తెచ్చునని మా దృఢవిశ్వాసము.