చెప్పులకు కులం లేదట

మొన్న ఎండాకాలం సెలవుల్ల హైదరాబాద్ పోయిన. నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న పిలగాడు "సార్, మంచి జాగ చూపిస్త రాండ్రి" అని జూబ్లీహిల్స్‌ల ఒక పబ్బుకు తోలుకపోయిండు. గేటు కాడ నల్లబట్టల మనిషి నా కాళ్ల దిక్కు చూసిండు. "చెప్పులతోటి రానియ్యం. బూట్లుండాలె" అన్నడు.

మా తాత దొర గడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతుల పట్టుకునేటోడు. ఆ చెప్పులు కుట్టింది ఆయనే. దొరకు కుట్టిందీ ఆయనే. చెప్పులేసుకోవడం తాతకు తప్పయింది. మనుమనికీ తప్పే అయింది.

పిలగాడు సిగ్గుపడి కారులోంచి తన బూట్లు తెచ్చిచ్చిండు. బిగుతైనయ్. అయినా తొడుక్కున్న. క్లాసుల సమానత్వం పాఠం చెప్పే నేను ఎనక్కి తిరిగి రాలేదు. ఆ సంగతి దాచను.

లోపల రంగు లైట్ల నడుమ పెద్ద గుండు కనపడ్డది. నా కాళ్లు ఆగిపోయినయ్. ఆ గుండు నాకు ఎరుకే. నేను బి.ఇడి. కౌన్సెలింగుకు వచ్చిననాడు మా నాయన ఈ గేటుదాకా నడిపించుకొచ్చి చూపించిండు. మా నాయన పాలమూరు లేబర్. ఈ నగరం గుట్టలు పగలగొట్టిన వేలమందిలో ఒకడు. 1990ల మొదట్ల ఈ ఇల్లు కట్టేటప్పుడు ఆ గుండు పగలకపోతే అట్లనే వదిలి చుట్టూ గోడ లేపిండ్రు. ఆ గోడరాయి కిందనే ఆయన ఎడమచేతి రెండు వేళ్లు పోయినయ్. మేస్త్రీ వారం కూలి చేతుల పెట్టి ఊరికి పంపిండు.

పిలగాడు సంబురంగ చెప్పుకొస్తున్నడు: "సార్, ఇది మూడుసార్లు చేతులు మారింది. మొదట కాంట్రాక్టర్ ఇల్లు, తర్వాత కంపెనీ గెస్ట్‌హౌసు, తర్వాత బారు, ఇప్పుడు పబ్బు." నలుగురు ఓనర్ల పేర్లూ చెప్పిండు. నాలుగు పేర్ల తోకలు రెండు కులాలయే. ఎనిమిది చేతుల లెక్క అందరికీ తెలుసు. రెండు వేళ్ల లెక్క ఎవరికీ తెల్వదు.

నేను నాయన ముచ్చట ఎత్తిన. పిలగాడు అటూ ఇటూ చూసి మెల్లగ అన్నడు: "సార్, ఇక్కడ ఆ ముచ్చట వద్దు. మా ఆఫీసోళ్లున్నరు. వాళ్లకు నా ఇంటిపేరు కూడా చెప్పలే."

"పట్నంల కులమెక్కడిది?" అని అడిగే పెద్దమనుషులారా, ఈ మాటకు జవాబు చెప్పుండ్రి. కులం పేరుమీద దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోదశాలల్లోకి ఎవర్నీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15(2) అధికరణం 1950 నుంచి చెబుతున్నది. అంటరానితనం పాటిస్తే శిక్ష అని 1955 చట్టమూ ఉన్నది. అందుకే ఇప్పుడు ఎవరూ కులం అనరు, బూట్లు అంటరు. చెప్పులకు కులం లేదట! మరి నా పిలగాని నోరెందుకు మూతబడ్డది? చట్టం గేటు దాకా వచ్చింది. ఆ గేటు ఎవరిదో చట్టం అడగలేదు. మనమూ అడగలేదు. లోపలికి రానిస్తే చాలని బిగుతు బూట్లు తొడుక్కున్నం.

నేను బీరు కోసం కొట్లాడుతలేను. 1927ల మహద్ చెరువుకాడికి అంబేద్కర్ నీళ్ల రుచి చూడనీకె పోలేదు. ఆ నీళ్లు అందరియని తేల్చనీకె పోయిండు. మన చేతులు కట్టినదాంట్ల మన చేతికేమున్నది? ఈ ప్రశ్న అడగని చదువు నాదైనా, నా పిలగానిదైనా ఉత్త బూట్ల చదువే.

బయటికొచ్చి బూట్లు ఇచ్చేసిన. "మళ్లొస్త బిడ్డా, మా నాయనతోటి వస్త. ఆయన చెప్పులతోనే వస్తడు. గేటు కాడ ఆపితే ఎడమచెయ్యి చూపిస్తడు. ఆ పొద్దు నువ్వూ రావాలె. నీ ఇంటిపేరుతోటి రావాలె" అన్న.

పిలగాడు తల దించుకున్నడు. నేను చెప్పులేసుకుని బస్టాపు దిక్కు నడిచిన.