వాంతి ఎరుగని ఎలుక, దాని పేరు మీద నూనె వ్యాపారం

"కెమోథెరపీ వాంతులకు గంజాయి నూనె దివ్యౌషధమని ఎలుకలలో రుజువైంది" అనే సందేశం ఈ మధ్య నాకు పదేపదే వస్తోంది. పంపుతున్నవారికి ఒక్క మనవి. ఎలుక వాంతి చేసుకోలేదు. దాని దేహానికి ఆ శక్తి లేదు. ఎలుకల మందు తిన్నా కక్కుకోలేదు. వాంతి ఎరుగని జీవిలో వాంతులు తగ్గడం ఎవరు చూశారు?

అలాగని ఆ పరిశోధన బూటకం కాదు. బూటకం దానిని అమ్ముకుంటున్న తీరులో ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో లిండా పార్కర్ బృందం కొలిచినది వాంతిని కాదు, వికారాన్ని. ఎలుకకు తీపి ద్రావణం రుచి చూపి, లిథియం క్లోరైడ్ సూదిమందుతో దానికి కడుపులో తిప్పేటట్లు చేస్తారు. తరువాత ఎప్పుడు ఆ తీపి నోటికి తగిలినా ఎలుక నోరు బార్లా తెరుస్తుంది. అదే వికారానికి గుర్తు. టీహెచ్‌సీ, సీబీడీ అనే గంజాయి రసాయనాలు ఈ లక్షణాన్ని తగ్గించాయి.

అంతకంటే విలువైన సంగతి మరొకటి ఉంది. లిథియం ఇచ్చిన పెట్టెలోనే మళ్ళీ పెడితే చాలు, ఈసారి సూదిమందు లేకపోయినా ఎలుక నోరు తెరుస్తుంది. ఆసుపత్రి వాసన తగలగానే డోకు వచ్చే కేన్సరు రోగుల అవస్థ ఇదే. ఆ ఎలుకలలో ఒండాన్‌సెట్రాన్ దీనిని ఆపలేకపోయింది, కానబినాయిడ్లు ఆపాయి. వైద్యులుగా మేము వాంతులు లెక్కపెట్టుకున్నాము గాని, రోగి పడే వికారాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. ఆ తప్పు మాది. గంజాయి పేరు వినగానే ఈ పరిశోధనను వెక్కిరించే నా తోటి వైద్యులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక వాంతి సంగతి. చుంచెలుక పేరుకే ఎలుక. అది వేరే జాతి, వాంతి చేసుకోగలదు. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన చుంచెలుకలకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల సీబీడీ ఇస్తే వాంతులు తగ్గాయి. 40 మిల్లీగ్రాములు ఇస్తే పెరిగాయి! అదే మందు, అదే జీవి, మోతాదు మాత్రమే వేరు. ఈ సగం కథను ఏ నూనె వ్యాపారీ చెప్పడు. ఈ అంకెలను మనిషి బరువుతో గుణించి వాడుకోవడం కూడా కుదరదు.

కానబినాయిడ్లకు వైద్యంలో చోటు లేకపోలేదు. ఇతర మందులకు లొంగని కెమోథెరపీ వాంతులకు డ్రోనాబినాల్, నాబిలోన్‌లను అమెరికా 1985లోనే అనుమతించింది. అవి మోతాదు తెలిసిన మందులు, వైద్యుని పర్యవేక్షణలో వాడేవి. మరోవైపు, ఏళ్ళ తరబడి గంజాయి వాడినవారికి ఆగని వాంతులు పట్టుకోవడం, వేడినీళ్ళ స్నానంతో మాత్రమే ఉపశమనం కలగడం 2004లో ఆస్ట్రేలియా వైద్యులు వర్ణించారు. నాకు వచ్చే సందేశాలలో ఈ ముక్క ఎన్నడూ కనబడలేదు.

తల్లికి కెమోథెరపీ జరుగుతున్న ఒక యువకుడు మొన్న నా సలహా కోసం వచ్చాడు. ఆసుపత్రివారు రాసిన వాంతి మాత్రలు మాన్పించి ఇలాంటి నూనె పోస్తున్నాడట. ఆమె రెండు రోజులుగా మంచినీళ్ళు కూడా ఇముడ్చుకోలేకపోతోంది. సీసా తిప్పి చూశాను. ఆకు బొమ్మ ఉంది, అంకె లేదు. పూటకు ఎన్ని మిల్లీగ్రాములు ఇస్తున్నావని అడిగాను.

"పది చుక్కలండి," అన్నాడు.